రాసివ్వని జవాబు

మేడమీది పిల్ల పెట్టిన అర్జీ ఇంకా కాలేజీ పైఆఫీసులోనే పడుందట. క్రిస్మస్ క్యారల్స్‌కి క్యాంపస్‌లో హాలు అడిగారు. గంటన్నర, నలభై మంది, మైకు లేదు. కింది సంతకాలన్నీ అయ్యాయి. పైఆఫీసులో మాత్రం "ప్రభుత్వ క్యాంపస్‌లో మతం కుదరదమ్మా" అని నోటిమాటతో సరిపెట్టారు. ఆ ముక్కే రాసివ్వమంటే ఇవ్వరు. అదే హాలు పక్కన వినాయక చవితికి పందిరి పడుతుంది. ఫైల్లో అది సంస్కృతి ఖాతా.

నన్ను మరీ మండించింది రాజ్యాంగం 28వ అధికరణాన్ని అడ్డం పెట్టుకోవడం. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండరాదని అది చెబుతుంది. పిల్లలు ఆదివారం సాయంత్రం చేరి పాడుకుంటే సంస్థ బోధించినట్టు ఎట్లవుతుంది? పైగా "తిరుమల కొండ కింద ఊరు కదా" అని ఇంకో సణుగుడు. 2007 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రార్థనాస్థలాల్లో అన్యమత ప్రచారాన్ని ఆపడానికి తెచ్చింది. తిరుమలకు వర్తిస్తుంది సరే, కాలేజీ హాలుకేం సంబంధం?

అమెరికా కేసొకటి గుర్తొచ్చి కూర్చుంది. జార్జియా గ్విన్నెట్ కాలేజీలో 2016లో చికే ఉజుయెగ్బునామ్ అనే విద్యార్థి తన క్రైస్తవ విశ్వాసం గురించి తోటివాళ్ళతో మాట్లాడుతూ కరపత్రాలు పంచాడు. ఇక్కడ కాదు, 'మాట్లాడే చోట్లు' రెండున్నాయి, ముందు బుక్ చేసుకుని అక్కడికి పో అన్నారు. చేసుకున్నాడు. అనుమతితోనే నిలబడి మాట్లాడుతుంటే ఎవరో ఫిర్యాదు చేశారని క్యాంపస్ పోలీసులు వచ్చి ఆపేశారు. ఇతరుల శాంతికే కాదు, 'సౌఖ్యానికి' భంగం కలిగించే మాట కూడా ఆ కాలేజీ నియమాల్లో తప్పే. ఎవరి సౌఖ్యమని అడిగేవాడు లేడు. కేసు పడ్డాక కాలేజీ నియమం మార్చేసుకుని, ఇంక గొడవేముందంది. కింది కోర్టులు సరేనన్నాయి. 2021లో సుప్రీంకోర్టు 8-1తో ఒప్పుకోలేదు. జరిగిన హక్కుల భంగానికి నామమాత్రపు పరిహారమైనా కోరే వీలుందంది. అనుమతి తీసుకున్నవాణ్ణే ఆపడం, అదీ ఎవరో ముఖం చిట్లించారని! మన హాలు దొరికినా రేపు జరగబోయేది అదేనేమో.

మాయాయన తీర్పు: "పందిరీ వద్దు, పాటలూ వద్దు. అందరికీ ఒకటే." అన్నం తినేటప్పుడు సబబే అనిపించింది. ఇది రాస్తుంటే మటుకు పొసగడం లేదు. అన్నీ ఆపమన్నా ల్యాబులో ఆయుధపూజ ఆగుతుందా? అర్జీ పెట్టుకునేవాళ్ళవే ఆగుతాయి, అడగకుండా జరిగేవి జరిగిపోతాయి.

అట్లని ఇటువైపు అంతా సాఫీ అనీ కాదు. అమెరికాలోనే 2010లో హేస్టింగ్స్ లా కాలేజీ కేసులో క్రైస్తవ విద్యార్థి సంఘం తమ విశ్వాస ప్రకటన మీద సంతకం చేసినవాళ్ళకే సభ్యత్వమంది. కాలేజీ గుర్తింపు కావాలంటే అందరినీ చేర్చుకోవాల్సిందేనన్న నియమాన్ని అక్కడి సుప్రీంకోర్టు 5-4తో నిలబెట్టింది. ఇక హాస్టల్లో రాత్రి పదకొండుకు గది గదికీ తలుపు కొట్టి కరపత్రం ఇస్తారే, దాన్ని నేను ఒప్పను. హాల్లో పాడితే రావాలనుకున్నవాళ్ళు వస్తారు. గది తలుపు దగ్గర జూనియర్ పిల్ల సీనియర్‌కి వద్దని ఎట్ల చెబుతుంది?

పైన సాధన సాగుతోంది. బాగానే పాడుతున్నారు.

పిల్లకి చెప్పింది ఇంతే. కొత్త అర్జీలో తేదీ, గంటలు, మనుషుల సంఖ్య, తలుపులు తెరిచే ఉంటాయన్న ముక్క రాయి. మైకు ఊసెత్తకు. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం విద్యాసంస్థ చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం కావచ్చు, ఆ సాకు వాళ్ళ చేతికివ్వద్దు. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకో. వారంలో జవాబు రాకపోతే పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద ఏ నియమం ప్రకారం ఆపారో, పందిరికి ఏ ఉత్తర్వు మీద ఇచ్చారో రెండూ కలిపి అడుగు. ముప్పై రోజుల గడువుంది వాళ్ళకి. క్రిస్మస్ దాటిపోతుందక్కా అంది. దాటిపోనీ, సంక్రాంతి ముగ్గుల పోటీ అర్జీ కూడా ఆ బల్ల మీదికే వస్తుంది కదా.