అమ్మ చూడని తీగ

ఆదివారం. తెల్లవారకముందే ఉక్కపోత. సముద్రం ఇంత దగ్గరున్నా ఆకు కదలలేదు. పొద్దున్నే అమ్మను వెంటబెట్టుకుని విశాఖలోని పెద్ద వాల్తేరు వెళ్లాను. అక్కడ రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోనే జీవవైవిధ్య ఉద్యానం ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా వీధి తురాయి చెట్లన్నిటినీ ఒక్క రోజులో పడగొట్టింది. తురాయి పుట్టిల్లు మడగాస్కర్ అని ఆ తరువాతే చదివాను. మన కొండల చెట్లేవో తెలుసుకోవాలన్న పట్టుదల అప్పటినుంచే.

రేల చెట్టు నిండా పసుపు గుత్తులు. రాలిన పూలను అమ్మ కొంగులో ఏరుకుంది. నాలుగడుగులు వేశాక ఆగాను. పక్క చెట్టును నిలువెల్లా అల్లుకుని పైకి పాకిన తీగ, ఆవు గిట్టలా చీలిన పెద్ద పెద్ద ఆకులు.

"అమ్మా, ఇదే అడ్డాకు."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చిన్నప్పుడు ఇంట్లో పెళ్లి అంటే వారం ముందునుంచే అరుగు మీద విస్తళ్లు కుట్టేవారట. ఆకుకు ఆకు చేర్చి ఈనె పుల్ల గుచ్చడంలో అమ్మ చేయి ఇప్పటికీ తడబడదు. ఆకులు మాత్రం కొండ మీదనుంచి కట్టలుగా వచ్చేవి.

"ఇది తీగా? ఇన్నాళ్లూ చెట్టనుకున్నానే!" అంది.

లేత చివురు మీద తుప్పు రంగు నూగు. జంటగా చుట్టలు తిరిగిన నులితీగలు. తెల్లగా విచ్చి, వాడేకొద్దీ పసుపెక్కే పూలు. దీని నారతో తాళ్లు పేనుతారు, గింజలు కాల్చుకుని తింటారు. పాడేరు, అరకు కొండల్లో ఎవరో ఒక గిరిజన స్త్రీ అడవంతా తిరిగి ఒక్కొక్కటిగా కోస్తేనే మన పంక్తిలోకి విస్తరి వచ్చేది. పోయిన నెల మా ఇంటి శుభకార్యంలో ప్లాస్టిక్ పూత పూసిన పళ్లేలు వేశాం. ఆ తీగ కింద నిలబడి ఉంటే అది గుర్తొచ్చి సిగ్గేసింది. వచ్చే శ్రావణంలో వ్రతానికి అడ్డాకులే తెప్పిస్తాను.

తోటలో ఆకు కోయకూడదు కదా, రాలిన ఎండుటాకు ఒకటి అమ్మ సంచిలో వేసుకుంది. ఇంటికి రాగానే నీళ్లు చల్లి తడిగుడ్డలో చుట్టింది. సాయంత్రం దీపం పెట్టే వేళకు చూస్తే ఆ ఒక్క ఆకే దొప్పై దేవుడి ముందు ఉంది, నిండా రేల పూలతో.