నలభై రూపాయల బాకీ

అంతర్వేది నరసింహస్వామికి అమ్మ మూడేళ్లుగా బాకీ. మోకాలి ఆపరేషన్ సవ్యంగా జరిగితే వచ్చి దర్శనం చేసుకుంటానని మొక్కుకుంది. ఆపరేషన్ బాగానే అయింది, అమ్మ నాకంటే చురుగ్గా మెట్లెక్కుతోంది, మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. మాఘంలో కల్యాణానికి జనం విరగబడతారు కాబట్టి డిసెంబరులోనే వెళ్లొద్దామన్నాను. "ఆయన అడగడు గానీ, మనకి ఉండద్దూ?" అంది అమ్మ.

రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తారు. నాకు ఇరవై రోజుల ముందు గుర్తొచ్చింది. అమ్మకి కింది బెర్త్ కావాలంటే పెద్దల కోటాలో విడిగా తీయాలి, అందులో నాకు చోటుండదు. అలా రెండు టికెట్లయ్యాయి. అమ్మకి బీ-4లో ఖాయమైన కింది బెర్త్, నాకు బీ-2లో ఆర్ఏసీ, అంటే సైడు లోయరులో ముక్కూమొహం తెలియని మనిషితో సగం సగం. పీఎన్ఆర్ రోజుకి నాలుగుసార్లు చూశాను. చూస్తే కదులుతుందన్నట్టు.

బయల్దేరే రోజు క్యాబ్ సంగతి సరే, హైదరాబాదులో ఉండేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. డ్రైవర్ ఫోన్ చేసి, "ఎక్కడ దిగుతరు సార్?" అన్నాడు. సికింద్రాబాద్ స్టేషన్ అన్నాను. "క్యాషా, ఆన్‌లైనా?" ఆన్‌లైన్ అన్నాను. కాసేపు మౌనం. "జెర మీరే క్యాన్సల్ చేయండి సార్." నేను చేస్తే జరిమానా నాకు పడుతుంది, ఆయన చేస్తే ఆయన లెక్కలో మచ్చ పడుతుంది. పది నిమిషాలు ఇద్దరం పట్టుదలగా ఎవరి ఫోన్ వాళ్లు చూస్తూ కూర్చున్నాం. మ్యాపులో ఆయన బండి బొమ్మ ఓ పెట్రోల్ బంకు దగ్గర మెదలకుండా నిలబడింది. చివరికి నేనే ఓడిపోయాను, రైలు నాది కాబట్టి.

రైల్లో సీటు మార్చుకోమని అడిగేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. "మా ఫ్యామిలీ అంతా ఇక్కడే ఉందండీ, మీరొక్కరే కదా" అని, ఒంటరివాడు ఎక్కడ పడుకుంటే ఏంటన్నట్టు అడుగుతారు. ఆ రాత్రి నేను అచ్చంగా అదే మొహం పెట్టుకుని బీ-4లో నిలబడ్డాను. అమ్మ పక్క బెర్త్ కుర్రాడిని, "బాబూ, మా అమ్మగారు ఒక్కరే ఉన్నారు..." అని మొదలుపెట్టాను. అతను చెవిలోంచి ఒక ఇయర్‌ఫోన్ తీసి, "మీది ఏ బెర్త్ అంకుల్?" అన్నాడు. ఆర్ఏసీ అన్నాను. ఇయర్‌ఫోన్ మళ్లీ చెవిలోకి వెళ్లిపోయింది. అతని తప్పేం లేదు.

నా సగం బెర్త్‌కి రెండో భాగస్వామి ఖమ్మంలో దిగిపోయే పెద్దమనిషి, అదొక అదృష్టం. పై బెర్త్‌లో ఒకాయన మాత్రం రీల్స్ చూస్తున్నాడు, స్పీకర్ పెట్టి. ఒకే పాటలో ఒకే ముక్క, పదిహేను సెకన్లు, మళ్లీ మొదటికి. బహుశా కింద కామెంట్లు చదువుకుంటున్నాడు, పాట దాని మానాన అది తిరుగుతోంది. రాత్రి పది దాటాక లైట్లు తీసేయాలి, మాటలు తగ్గించాలి అని రైల్వే నియమం ఉంది. ఆ మాట అనడానికి రెండుసార్లు తల పైకెత్తాను. రెండుసార్లూ ఆయన నన్ను చూసి మర్యాదగా నవ్వాడు. నవ్వే మనిషిని ఏమంటాం?

ఇంతకీ ఆ పెట్టెలో అందరికంటే ఎక్కువ మందిని లేపింది నేనే. రాజమండ్రిలో దిగాలి కదా అని నాలుగింటికి అలారం పెట్టాను. నా సీటు దగ్గర ప్లగ్ పనిచేయక ఫోన్‌ని అవతలి కూపేలో చార్జింగ్‌కి పెట్టాను. మూడున్నరకే మెలకువ వచ్చి, బ్రష్ చేసుకుని, అమ్మని లేపడానికి బీ-4కి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అవతలి కూపేలో లైటు వెలుగుతోంది, ఐదుగురు లేచి కూర్చున్నారు. ఒక పెద్దాయన నా ఫోన్‌ని రెండు వేళ్లతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని, "మీదేనా బాబూ?" అన్నారు. అలారం ఆపడానికి స్క్రీను మీద ఏదో లెక్క చేయమంటుంది నా ఫోన్, గాఢనిద్ర మనిషినని నేనే పెట్టుకున్నాను. పదిహేడూ ఇరవయ్యారూ కూడమందట. ఆయన మూడుసార్లు తప్పు కూడారట.

కొవ్వూరు దాటి బండి గోదావరి మీదికి ఎక్కింది. అమ్మ అప్పటికే రూపాయి బిళ్ల చేతిలో పట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడు ఈ వంతెన రాగానే అమ్మమ్మ తలా ఒక పైసల బిళ్ల ఇచ్చేది, కిటికీ చువ్వల్లోంచి విసిరేవాళ్లం, ఇనప దూలానికి తగిలి టంగుమంటే నిరాశ. ఏసీ పెట్టెలో కిటికీకి అద్దమే తప్ప తెరిచే వీలు లేదు. బయట చీకటి, అద్దంలో మా మొహాలే కనబడుతున్నాయి. అమ్మ అద్దానికి రూపాయిని ఆనించి ఒకసారి దణ్ణం పెట్టి, మళ్లీ కొంగున ముడేసుకుంది. "పర్లేదు, ఇంకా ఉన్నాయిగా గోదావరులు" అంది.

ఉన్నాయి మరి. ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వశిష్ఠగా చీలుతుంది, వశిష్ఠలోంచి వైనతేయ పుడుతుంది, వీటి మధ్య నేలే కోనసీమ. రాజమండ్రి నుంచి రాజోలు పోయే బస్సు వీటిలో గౌతమినీ, వైనతేయనీ దాటుతుంది.

కండక్టరు రాగానే అమ్మ ధీమాగా ఆధార్ కార్డు చాపింది. ఆంధ్రాలోనూ 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా. కండక్టరు కార్డు తిప్పి చూసి, "హైదరాబాద్ అడ్రసమ్మా, దీనికి వర్తించదు" అన్నారు.

"పుట్టింది ఈ కోనసీమలోనే కదయ్యా!"

"మీరు పుట్టారండి. కార్డు అక్కడ పుట్టింది కదండీ."

బస్సంతా నవ్వింది, అమ్మ కూడా. టికెట్ కొన్నాం. అక్కడ తెలంగాణ బస్సుల్లో ఆ కార్డుతో అమ్మ రెండేళ్లుగా ఊరంతా తిరుగుతోంది కాబట్టి నాకు జాలేం వేయలేదు.

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన వచ్చేసరికి అమ్మ కునుకు తీస్తోంది. రూపాయి గుర్తుంది గానీ లేపబుద్ధి కాలేదు. రావులపాలెంలో పూతరేకుల డబ్బా కొన్నాను. ఆత్రేయపురం పక్కనే, ఆ ఊరి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. స్కాన్ చేశాను, ఒక్క దెబ్బకి డబ్బు వెళ్లింది. అప్పుడు కాస్త గర్వపడ్డాను కూడా, పర్సు తెరవకుండా ఇంత దూరం వచ్చామని.

పి.గన్నవరం దగ్గర వైనతేయ వచ్చేటప్పటికి అమ్మ మేలుకునే ఉంది. కానీ ప్రవచనం వింటోంది, స్పీకర్ పెట్టి. గజేంద్రమోక్షం మంచి పట్టులో ఉంది. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. నేను మర్యాదగా నవ్వాను. నవ్వాక గానీ, రాత్రి పై బెర్త్ ఆయన నవ్వు ఎలాంటిదో నాకు అర్థం కాలేదు. "అమ్మా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకో" అంటే "చెవిలో పెట్టుకుంటే దేవుడు లోపలెక్కడో అరుస్తున్నట్టు ఉంటుందిరా" అంది. మొసలి కాలు పట్టేలోపు నది దాటిపోయింది. రూపాయి కొంగులోనే ఉంది.

అంతర్వేదిలో దర్శనం హాయిగా అయింది. క్యూ లేదు, అమ్మ స్వామి ఎదుట చాలాసేపు నిలబడింది, ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. అక్కడి నుంచి అన్నాచెల్లెళ్ల గట్టుకి వెళ్లాం. వశిష్ఠ సముద్రంలో కలిసేది అక్కడే. అమ్మని నిలబెట్టి ఫోటో తీయబోతే స్టోరేజ్ నిండిపోయిందంది ఫోన్. ఏం నింపిందా అని చూస్తే మా బంధువుల గ్రూపు: గులాబీలు, సూర్యోదయాలు, శుభోదయాలు, ఒకే హనుమంతుడు పదకొండుసార్లు. ఎండలో నిలబడి ఒక్కొక్క శుభోదయాన్నీ తుడిచేస్తుంటే అమ్మ "అయిందా?" "అయిందా?" అంటూ నవ్వు మొహం అలాగే పట్టుకుని నిలుచుంది. తీరా తీసిన ఫోటోలో కళ్లు మూసుకుపోయాయి.

సాయంత్రం నరసాపురంలో రైలెక్కాలి. మ్యాపు చించినాడ వంతెన మీదుగా పెద్ద చుట్టు చూపించింది. ఆటోఅబ్బాయి నా ఫోన్ వంక చూసి, "అది లోపలెట్టేయండి బాబు. సఖినేటిపల్లి రేవులో దింపేత్తాను, పంటెక్కితే అవతలొడ్డు నరసాపురవేనండి" అన్నాడు. మనుషుల్నీ, బళ్లనీ, మేకల్నీ ఒకే బల్ల మీద నది దాటించే పంటు గురించి ఆ మ్యాపుకి తెలీదో, తెలిసీ నమ్మలేదో.

పంటు అవతలొడ్డున ఉంది. రేవు దగ్గర టీకొట్టులో రెండు టీలు, రెండు పొట్లాల పకోడీ తీసుకున్నాం. నలభై రూపాయలు. స్కాన్ చేశాను, పిన్ కొట్టాను. బ్యాంకు నుంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది. టీకొట్టు పెట్టె మాత్రం మాట్లాడలేదు.

అది అరచేయంత స్పీకరు డబ్బా, పాలగిన్నె వెనక మేకుకి వేలాడుతోంది. పైన ఎవరో పసుపు బొట్టు కూడా పెట్టారు. "నలభై రూపాయలు అందాయి" అని అది అనాలి. కొట్టాయన గరిటె పట్టుకుని దాని వైపే చూస్తున్నాడు. బెంచీ మీద ముగ్గురు గ్లాసులు నోటి దగ్గర ఆపి చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. నా ఫోన్ స్క్రీను చూపించాను, డబ్బు వెళ్లిందని. ఆయన చూడనైనా లేదు. "ఫోన్లో బొమ్మలు శానా చూశానండి. మా పెట్టె పలకాలండి." దొంగ స్క్రీన్‌షాట్లు చూపించి టీలు తాగిపోయినవాళ్లు ఉన్నారట. అంతలో పెట్టె గరగరమంది. అందరం ముందుకు వంగాం. "పది రూపాయలు అందాయి" అంది. బెంచీ చివర ఒకాయన సిగ్గుగా, "అది నాదండి" అన్నాడు.

అమ్మ పర్సు తీసింది. ఐదొందల నోటు ఒక్కటే. "చిల్లర లేదమ్మా" అన్నాడు కొట్టాయన, ఊరంతా స్కాన్ చేస్తుంటే గల్లాలో చిల్లర ఎక్కడినుంచి వస్తుందని. అమ్మ దగ్గరున్న చిల్లరల్లా ఆ రూపాయి బిళ్లే. అది గోదారిది.

పంటు ఈ ఒడ్డుకి వచ్చి హారను కొట్టింది. "ఎళ్లండి ఎళ్లండి, ఎళ్లిపోద్ది. పడితే పడద్ది" అన్నాడు కొట్టాయన. పెట్టె వైపు మరోసారి చూసి పరుగెత్తాం.

నది మధ్యలో అమ్మ కొంగు ముడి విప్పింది. రూపాయి కళ్లకద్దుకుని వశిష్ఠలో వేసింది. చప్పుడు కూడా వినబడలేదు, ఇంజను మోతలో. ఆమె మొహం అప్పుడు తీయాల్సింది ఫోటో. తీద్దామనుకునేలోపు ఫోన్ మోగింది. 140తో మొదలయ్యే నంబరు, అంటే ప్రకటనల కాల్. "సార్, మీకు ఐదు లక్షల పర్సనల్ లోన్ రెడీగా ఉందండీ." నాకు ప్రస్తుతం నలభై రూపాయలు చాలమ్మా అన్నాను. పెట్టేసింది. వెంటనే మెసేజ్: టీకొట్టుకి వెళ్లిన నలభై తిరిగి నా ఖాతాలో జమయ్యాయట. టీకొట్టు వెనక ఒడ్డున అగ్గిపెట్టెంత కనబడుతోంది.

"ఎంత పనైందిరా. మొక్కు తీర్చుకోడానికొచ్చి బాకీ పెట్టుకెళ్తామా?" అమ్మ నిజంగానే నొచ్చుకుంది.

పక్కన బండికి ఆనుకుని నిలబడ్డాయన అంతా విన్నట్టున్నాడు. "నేను పొద్దుపోయే యేళకి ఎనక్కొచ్చేత్తానండి, ఆయనకిచ్చేత్తాను. నాకు కొట్టండి" అని తన ఫోన్లో కోడ్ చూపించాడు. ఏటి మధ్యలో ఇంటర్నెట్ లేదు. నరసాపురం రేవులో దిగాక స్కాన్ చేశాను. చార్జింగ్ మూడు శాతం. పిన్ కొట్టాను. చక్రం తిరుగుతోంది. మళ్లీ నొక్కాను. అమ్మ ఐదొందలు మార్చుకొస్తానని అరటిపళ్ల బండి వైపు నడిచింది. చక్రం తిరుగుతూ తిరుగుతూ ఫోన్ నల్లబడిపోయింది. "పర్లేదులెండి, నలభై రూపాయలే కదా, ఇచ్చేత్తాను" అని ఆయన కిక్కు కొట్టి వెళ్లిపోయాడు. అమ్మ చేతినిండా పది నోట్లతో, డజను అరటిపళ్లతో తిరిగొచ్చేసరికి దుమ్మే మిగిలింది.

రైల్లో ఈసారి ఇద్దరికీ ఒకేచోట బెర్తులు, ప్లగ్ కూడా పనిచేసింది. ఫోన్ లేవగానే రెండు మెసేజులు వచ్చాయి. నలభై రూపాయలు చెల్లించబడ్డాయి. నలభై రూపాయలు చెల్లించబడ్డాయి.

"చేరిందా?" అంది అమ్మ, ప్రవచనం ఆపి.

"చేరిందమ్మా" అన్నాను. ఎన్నిసార్లు చేరిందో చెప్పలేదు.