గుప్పెడు ఉలవలు ఎన్ని గ్రాములు?

ఉదయగిరి పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పోయినేడు మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు రక్తపరీక్ష చేస్తే సగం మందికి పైగా హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ తేలింది, అంటే రక్తహీనత. ఎవరి తిండి వాళ్లే లెక్క కట్టుకుంటే బాగుంటుందని ఆ రాత్రే ఫోన్లో ఒక యాప్ వేసుకున్నాను.

అది పెద్దవాళ్లు బరువు తగ్గడానికి చేసింది. ఏం తిన్నా ముందు కేలరీలే చూపిస్తుంది, లెక్క దాటితే అంకె ఎర్రబడుతుంది. మూడో రోజు ఒక పిల్ల పొద్దున సద్దన్నం మానేసి వచ్చింది. "ఎర్రగా వస్తా ఉంది మేడమ్, అందుకే తిన్లా" అంది. ఆ పిల్ల హిమోగ్లోబిన్ 10. నా గుండె గుభేలుమంది. అప్పటికప్పుడు ఆ యాప్ తీసేశాను. ఎదిగే పిల్లల ముందు కేలరీల అంకె పెట్టనే కూడదు.

తర్వాత హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల 'న్యూట్రిఫై ఇండియా నౌ' యాప్ తీసుకున్నాం. పిల్లలు బడికి ఫోన్లు తేకూడదు గనక ఉన్నది నా ఫోన్ ఒక్కటే. ఐదుగురైదుగురు చుట్టూ కూర్చునేవాళ్లు. చూడాల్సింది రక్తానికి కావాల్సిన ఇనుము ఒక్కటే అని ముందే చెప్పాను.

అసలు చిక్కు కొలతల దగ్గర వచ్చింది. లెక్క గ్రాముల్లో కావాలి, పిల్లలు చెప్పేది గుప్పెళ్లు, గరిటెలు, ముద్దలు. అంగడి నుంచి కాటా అడిగి తెచ్చి బల్ల మీద పెట్టాం. ఒక పిల్ల గుప్పిట్లో ఉలవలు 38 గ్రాములు తూగాయి, పక్క పిల్లవి 51. ఎవరి గుప్పెడు వాళ్ల నోటుపుస్తకంలో రాసుకున్నారు.

రోజుకి మూడు వందల గ్రాముల బియ్యం తింటారనుకుందాం. తెల్లబియ్యం వంద గ్రాములకు ఇనుము 0.65 మిల్లీగ్రాములు. రోజంతా తిన్నా రెండుకి మించదు. 13–15 ఏళ్ల ఆడపిల్లకు రోజుకి కావాల్సింది 30 మిల్లీగ్రాములు. బోర్డు మీద రెండంకెలూ పక్కపక్కన రాస్తే తరగతిలో చప్పుడు లేదు. "మొలకొలుకులైతేనో మేడమ్?" అని మా నెల్లూరు బియ్యం గురించి వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి ఆశగా అడిగింది. పాలిష్ పట్టాక అవైనా అంతేనమ్మా అన్నాను. వంద గ్రాముల ఉలవల్లో ఇనుము 8.76, సజ్జల్లో 6.42. నలభై గ్రాముల ఉలవలు రోజంతటి అన్నాన్ని దాటేస్తాయని వాళ్లే లెక్క కట్టి చెప్పారు.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్రని చాలామంది కిటికీలోంచి పారేసేవాళ్లు. పరగడుపున మింగితే వికారం, పైగా విరేచనం నల్లగా వస్తుందని భయం. అన్నం తిన్నాక వేసుకోవాలని, ఆ నలుపు మామూలేనని, తిన్న వెంటనే టీ తాగొద్దని, ఉలవల మీద నిమ్మకాయ పిండుకోమని పక్కన కూర్చుని చెప్పాను. ఈ మాటలకి ఫోన్ పనికిరాలేదు.

సద్దన్నం మానేసిన పిల్లకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు విడిగా మాత్రలు రాశారు. ఫిబ్రవరిలో మళ్లీ చూస్తే 11.1. ఇంకా తక్కువే. రోజూ డబ్బాలో ఉలవ గుగ్గిళ్లు తెచ్చుకుంటోంది, పక్క పిల్లకి పెట్టేముందు తన గుప్పెడు తీసి పక్కన పెట్టుకుంటుంది.