మా లారీ 697 ఇంజినుకి ఏ డీజిల్ పంపు వేశామంటే

లారీకి డీజిల్ పంపు, అంటే ఇంజినులోకి డీజిల్‌ని కొలిచి కొట్టే పంపు, మార్చాలని మా ఒడిశా సెమిలిగుడలో ఒక్కమాట అంటే చాలు, సలహాలకి లోటుండదు. ఒకాయన కొత్తదే వెయ్యమన్నాడు. ఇంకొకాయన విజయవాడ ఆటోనగర్ వెళ్ళమన్నాడు. మా బావైతే ‘ఎలిమెంట్లు మార్చి బెంచి ఎక్కించెయ్ బావా, ఏటి ఆలోచన?’ అన్నాడు. (ఎలిమెంట్లంటే పంపు లోపల డీజిల్‌ని నెట్టే చిన్న కడ్డీలు, వాటి గొట్టాలు. బెంచి అంటే పంపుని పరీక్షించి సెట్ చేసే మిషను.) అందరూ అనుభవం ఉన్నవాళ్ళే. బండిలో ఇప్పుడున్నది ఏ ఇంజినో మాత్రం ఎవరూ అడగలేదు.

మాది పాత టాటా. నాన్న కొన్నప్పుడు సాదా 697, అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వ్యాసం). అది అరిగిపోయాక టర్బో (ఇంజినులోకి గాలిని ఎక్కువగా తోసేది) ఉన్న 697 ఎక్కించి, ఆర్సీలో ఇంజిను నంబరు మార్పించారు. బాడీ సాలూరులో కొత్తగా కట్టించారు. పంపు మాత్రం పాత ఇంజినుదే తెచ్చి బిగించారు. బండి కదిలింది కాబట్టి ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

మా దగ్గరి కుందులి సంత కూరగాయలతో కొండ దిగేటప్పుడు ఏ పంపైనా ఒకటే. తిరుగు లోడు సిమెంటుతో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కాలి, అక్కడుంది అసలు పరీక్ష. మలుపులో ఇంజిను స్పీడు పడిపోగానే టర్బో గాలి తోయడం తగ్గుతుంది. సాదా పంపుకి ఆ కబురు అందే దారే లేదు, తొక్కినంత డీజిల్ పోస్తూనే ఉంటుంది. వెనకంతా నల్లటి పొగ. పొగ పోవాలని డీజిల్ తగ్గించి సెట్ చేయిస్తే పిక్కప్ చచ్చిపోతుంది. పైగా సెమిలిగుడ దాదాపు 900 మీటర్ల ఎత్తు. సముద్రమట్టంతో పోలిస్తే ఇక్కడ గాలి ఎనిమిది శాతం దాకా పలచన.

టర్బో ఇంజినుకని తయారైన పంపు మీద చిన్న డబ్బా ఉంటుంది, లోపల డయాఫ్రం, అంటే వంగే పలచని పొర. ఇంజినుకి గాలి వెళ్ళే ఇన్‌టేక్ నుంచి దానికో సన్నపైపు వస్తుంది. బూస్టు, అంటే టర్బో గాలి ఒత్తిడి, పెరిగిన కొద్దీ పంపు లోపల డీజిల్ మోతాదు మార్చే కడ్డీని (రాక్) ఇంకాస్త ముందుకి పోనిస్తుంది, డీజిల్ పెరుగుతుంది. నాకు కావలసింది అదే.

పంపు నిజంగా పోయిందా అన్నది ముందు తేల్చుకోవాలి. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు, ఫిల్టర్లు, వాషర్లు, డీజిల్ లైన్లో ఎక్కడైనా ఎయిర్ పడుతోందా, ఇవన్నీ తక్కువ ఖర్చు పనులు. మా బండిది వేరే జబ్బు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫుకే అందుకునేది. సుంకిలో టీకి ఆపితే మళ్ళీ స్టార్ట్ కావడానికి ఏడిపించేది. జయపురం పంపు మేస్త్రి వేడి పంపు మీద తడిగోనె కప్పి, కాసేపాగి సెల్ఫు కొట్టమన్నాడు. అందుకుంది. వేడెక్కిన డీజిల్ పలచబడి, అరిగిన ఎలిమెంట్ల సందుల్లోంచి జారిపోతోందన్నమాట. ఆ జారిన డీజిల్ ఇంజిన్ ఆయిల్లో కలుస్తోందని, తర్వాత డిప్‌స్టిక్ తీసి చూపించాడు. ఆయిలు మార్కు దాటి పైకుంది, వేలికి రాస్తే నీళ్ళలా జారింది, గుప్పున డీజిల్ వాసన. నాకైతే పొగ కన్నా ఇదే ఎక్కువ టెన్షన్. ఇంకొన్నాళ్ళు తిప్పితే బేరింగులకి ఎసరు.

ఆటోనగర్లో షాపువాళ్ళు ‘ఆరు సిలిండర్లదే, కూర్చుంటుంది’ అంటారు. కూర్చోవడం వేరు, పనిచేయడం వేరు. పంపు పక్కన బిగించిన రేకు మీది నంబరు చదవండి. మన పాత మైకో (ఇప్పటి బాష్ కంపెనీ) పంపుల మీద పీఈఎస్ (PES) అక్షరాల తర్వాత వచ్చే 6 సిలిండర్ల లెక్క, ఆ పక్కన ఏ గానీ పీ గానీ పంపు సైజు, తర్వాత 90, 95 లాంటి అంకె ఎలిమెంటు వ్యాసం. 95 అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. ఏ వైపు తిరగాలో కూడా అందులోనే ఉంటుంది. గుడ్డతో తుడిచినా రేకు కనపడని పంపుని, ఎంత చవకైనా, నేను ముట్టుకోను.

పెద్ద ఎలిమెంట్లు వేస్తే పవరొస్తుందన్న వాదన కూడా విన్నాను. రావచ్చు. కానీ టర్బో ఇచ్చే గాలి అంతే కదా, మిగిలిన డీజిల్ పొగే. పిస్టన్లు కరగబెట్టుకోవడానికి ఘాట్ రోడ్డు కన్నా మంచి చోటు లేదు.

చివరికి టర్బో 697 కంపెనీ నంబరుతో సరిపోయే సెకండ్ హ్యాండ్ పంపే తీసుకున్నాం. మా కళ్ళముందే బెంచి ఎక్కించి, ఆరు లైన్లూ సమానంగా పోస్తున్నాయని చూశాకే డబ్బులిచ్చాం. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు కూడా అప్పుడే సెట్ చేయించి, ఇంజిన్ ఆయిలు మార్చాం. సుంకి మలుపుల్లో ఇప్పుడూ కాస్త పొగొస్తుంది, వెంటనే తేరుకుంటుంది.

పాత పంపు షెడ్డులో ఉంది. దాని గవర్నరు (ఇంజిను స్పీడుని అదుపులో ఉంచేది), బాడీ బాగున్నాయి. సాదా 697 ఉన్నవాళ్ళు ఎలిమెంట్లు మార్చుకుని వాడుకోవచ్చు. బేరం మా తమ్ముడితో, వాడు తొందరగా దిగడు.