యూసీ3842తో నా అనుభవం: ఆ టిక్‌టిక్ ఎక్కడిది?

24 వోల్టులు, ఒకటిన్నర ఆంపియర్ల ఫ్లైబ్యాక్ సప్లై (ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే పవర్ సప్లై). దాన్ని నడిపే కంట్రోల్ చిప్ యూసీ3842. ఐదు బోర్డులూ ఇవాళ ఫుల్ లోడ్‌తో స్విచ్ వేయగానే లేచాయి. నిన్నటిదాకా మూడే లేచేవి. మిగతా రెండూ టిక్... టిక్... అంటూ ఉండిపోయేవి, లోడ్ తీసేస్తే మాత్రం అవీ లేచేవి.

స్విచింగ్ ఫ్రీక్వెన్సీ తేలికే: 4వ పిన్‌కు 12 కిలోఓమ్‌లు, 2.2 నానోఫారడ్లు పెడితే దాదాపు 65 కిలోహెర్ట్జ్. కరెంట్‌ను కొలిచే 3వ పిన్‌కు 1 కిలోఓమ్, 470 పికోఫారడ్ల ఫిల్టర్. ఆ కెపాసిటర్ రెండో కాలు నేరుగా 5వ పిన్‌కే (గ్రౌండ్) పోవాలి.

ప్రాణం తీసింది 7వ పిన్, అంటే చిప్‌కు కరెంటు అందే పిన్. మాస్‌ఫెట్ (స్విచింగ్ ట్రాన్సిస్టర్) మార్చాను, ఔట్‌పుట్ డయోడ్ మార్చాను, ట్రాన్స్‌ఫార్మర్ కూడా మార్చాను. వాటిలో ఏ తప్పూ లేదు. చివరికి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి (అది లేకుండా ప్రైమరీ (మెయిన్స్ వైపు) మీద ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్ తగిలించకండి) 7వ పిన్ చూశాను. వోల్టేజ్ మెల్లగా 16కు ఎక్కుతుంది, చిప్ మొదలవుతుంది, క్షణంలో 10కి జారుతుంది, చిప్ ఆగిపోతుంది. మళ్లీ మొదటికి.

ఆ 6 వోల్టులు కరిగేలోపే ఆక్జిలరీ వైండింగ్ (చిప్‌కు కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు) అందుకోవాలి. చిప్‌కు 11, మాస్‌ఫెట్ గేట్‌కు 4, మొత్తం 15 మిల్లీఆంపియర్లు. 7వ పిన్ దగ్గరి 22 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌తో వచ్చే గడువు 8.8 మిల్లీసెకన్లు, కెపాసిటర్ 20 శాతం తక్కువైతే 7. ఔట్‌పుట్‌లోనేమో 1000 మైక్రోఫారడ్లవి రెండు. అవి ఫుల్ లోడ్‌తో 17, 18 వోల్టులకు చేరితేగాని ఆక్జిలరీ 10 దాటదు, దానికే 7, 8 మిల్లీసెకన్లు పడుతుంది. అందుకే కొన్ని లేచాయి, కొన్ని లేవలేదు. ఎవరి బోర్డులోనో 22 ఉందని మనమూ 22 పెట్టేయడాన్ని డిజైన్ అనరు. వాళ్ల ఔట్‌పుట్ కెపాసిటర్ ఎంతో చూడాలి కదా!

ఇప్పుడు ఆ కెపాసిటర్ 100 మైక్రోఫారడ్లు, 105 డిగ్రీలది. గడువు 40 మిల్లీసెకన్లు. స్టార్టప్‌కు, అంటే మొదట ఆ కెపాసిటర్‌ను నింపడానికి, 75 కిలోఓమ్‌ల ఒక వాట్ రెసిస్టర్లు రెండు సిరీస్‌లో పెట్టి, కెపాసిటర్‌కు దూరంగా జరిపాను. దగ్గరగా ఉంటే ఆ రెసిస్టర్ల వేడికే కెపాసిటర్ ఎండిపోయి, కొన్నేళ్లకు ఇదే టిక్‌టిక్ వస్తుంది. అప్పుడు రిపేరు షాపులవాళ్లు చిప్ మార్చి డబ్బులు తీసుకుంటారు, కెపాసిటర్ జోలికే పోరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

సాఫ్ట్‌స్టార్ట్ (మెల్లగా మొదలయ్యే ఏర్పాటు) పెడుతున్నారా? ఔట్‌పుట్ ఇంకా నెమ్మదిగా ఎక్కుతుంది, లెక్క మళ్లీ వేయండి. డిమ్మర్‌స్టాట్‌తో (వోల్టేజ్ మార్చే ట్రాన్స్‌ఫార్మర్) మెయిన్స్‌ను 170 వోల్టులకు దించి ఫుల్ లోడ్‌తో కూడా లేపి చూడండి. స్టార్ట్ కావడానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది. ఈ పరీక్షకు సిరీస్ బల్బు (రక్షణ కోసం మెయిన్స్‌కు సిరీస్‌లో పెట్టేది) తీసేయాలి. అది ఉంటే మంచి బోర్డు కూడా టిక్‌టిక్ అనవచ్చు.