ఎంగిలి పరమాన్నం

"నేను చేస్తే దేవుడు తినడు కదా. మరి నన్నెందుకు పిలుస్తావ్?"

శ్రావణమాసం మూడో శుక్రవారం సాయంత్రం, హారతికి రమ్మంటే మా అమ్మాయి అన్న మాట ఇది. దానికి తొమ్మిదేళ్ళు. మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటూ, తల కూడా ఎత్తకుండా అంది. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. ఏడ్చి ఉంటే దగ్గరకు తీసుకునేదాన్ని. అది అప్పటికే తేల్చేసుకున్న విషయంలా చెప్పింది. ఆ రోజు హారతి నేనొక్కదాన్నే ఇచ్చుకున్నాను.

దానికి వారం ముందు వరలక్ష్మీ వ్రతం. బడి తెరిచి వారమే అయింది. నేను ఆఫీసులో చెప్పి ఉదయం రెండు గంటలు వెసులుబాటు అడిగి పెట్టుకున్నాను. అది ఎవరూ లేపకుండా ఐదింటికే లేచి, తలస్నానం చేసి, అమ్మమ్మ పంపిన పట్టులంగా కట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "పరమాన్నం నేను చేస్తా" అంది. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఇక్కడ, విదేశంలో పుట్టి పెరుగుతున్న పిల్ల, చీకటితో లేచి లక్ష్మీదేవికి పరమాన్నం వండుతానంటే ఏ తల్లి పొంగిపోదు? స్టూలు వేసి నిలబెట్టాను. పాలల్లో బియ్యం మెత్తగా ఉడికేదాకా ఓపిగ్గా కలిపింది. దించాక బెల్లం వేసింది. జీడిపప్పు నేను వేయించి ఇచ్చాను. నేను కలశానికి పసుపు రాస్తూ ఇటు తిరిగేసరికి, గరిటె అంచు మీద ఊదుకుని కొంచెం చప్పరించి, అదే గరిటె గిన్నెలో పెట్టేసింది.

"అమ్మా, తీపి తక్కువైంది. ఇంకొంచెం వేద్దామా?"

ఆ ప్రశ్న నాకు వినపడలేదు. గరిటె ఒక్కటే కనపడింది. "ఎంగిలి చేశావ్!" అని అరిచాను. గిన్నె తీసుకెళ్ళి సింకులో బోర్లించి, అడుగున తిరిగే యంత్రం స్విచ్చి కూడా వేశాను. ఆ చప్పుడు ఆగేదాకా అది స్టూలు మీదే నిలబడి ఉంది. తడి జుట్టులోంచి నీళ్ళు లంగా మీద కారుతున్నాయి. మా ఆయన కిందికి వచ్చి "చిన్నపిల్ల కదా" అన్నారు. ఆయన మీదా విసుక్కున్నాను. కొట్లో కొన్న లడ్డూల డబ్బా తెరిచి, నాలుగు తీసి వెండిగిన్నెలో పెట్టి, పరమాన్నం స్థానంలో అదే నైవేద్యం పెట్టాను. తొమ్మిది ముడుల తోరం కట్టుకున్నాను, చారుమతి కథ చదువుకున్నాను. తొమ్మిదింటికి ఆఫీసు కాల్ ఉందని గడియారం చూసుకుంటూ చదివాను.

ఆ రాత్రి పక్క మీద పడుకుని అడిగింది: "ఆ లడ్డూలు చేసినవాళ్ళు స్నానం చేసి చేశారా? రుచి చూడకుండానే అమ్ముతారా?"

"అది వేరు" అన్నాను. నిజానికి అది వేరు కాదు. ఫ్యాక్టరీలో రుచి చూడ్డానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారని నాకూ తెలుసు. మా ఫ్రిజ్‌లో పై అరలో గుడ్లుంటాయి. బుధవారం కోడికూర వండిన పొయ్యినే గురువారం రాత్రి రెండుసార్లు తుడిచి, పసుపునీళ్ళు చల్లి, శుక్రవారం మడి అన్నాను. పూర్ణానికి వాడిన కొబ్బరి ఎవరో ఎక్కడో కోరి, గడ్డకట్టించి, సంచీలో నింపింది. కంటికి కనపడని చేతులన్నీ నాకు శుచిగానే తోచాయి. నా కళ్ళముందు, తెల్లవారకముందే తలస్నానం చేసిన నా బిడ్డ చేతిలోనే నాకు దోషం కనిపించింది.

అలాగని నైవేద్యానికి నియమం అక్కర్లేదని నేను అనలేను. గుంటూరు జిల్లాలో మా అమ్మమ్మ ఇంట్లో పెరిగినదాన్ని. మడిబట్ట విడిగా దండెం మీద ఆరేది, కర్రతో తీసుకునేవారు. పండగనాడు పులిహోర నుంచి గారెల దాకా ఒక్క మెతుకు ఎవరి నాలుకకీ తగలకుండా తయారయ్యేది. ఉప్పు పిడికిట్లో పట్టుకున్నప్పుడు బరువు తెలిసేదట అమ్మమ్మకి. పులుసు ఉడుకుతుంటే వాసన కూడా పట్టకూడదని మొహం పక్కకి తిప్పుకునేది. ఆకలేసినా, నోరూరినా, ఇది నాది కాదు, ముందు ఇంకొకరిది అనుకుంటూ వండడంలో ఒక గొప్పతనం ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను. తిరుమలలో అంత బంగారమున్న స్వామికి, గర్భగుడి గడప కులశేఖరపడి దాటి లోపలికి వెళ్ళేది కొత్త మట్టి ఓడులో పెట్టిన దద్దోజనమే. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి. ఖరీదుతో పనిలేదు, ఇంకెవరూ తాకనిది, ఆయన కోసమే విడిగా తీసిపెట్టింది అయితే చాలు. శుచి అంటే నాకు అర్థమైంది ఇదే. ఇది నా పిల్లకి అందాలనే నా తాపత్రయం.

కానీ ఆ మడిలో ఇంకో సగం కూడా ఉంది. పెరట్లో అంట్లు తోమడానికి ఒకావిడ వచ్చేది. ఆమె తోమిన గిన్నెల మీద నీళ్ళు చల్లి లోపలికి తెచ్చుకునేవాళ్ళం. ఆమెకి ప్రసాదం పైనుంచి, చేతికి చెయ్యి తగలకుండా జారవిడిచేవాళ్ళం. ఎనిమిదేళ్ళప్పుడు నేనూ అలాగే వేశాను. ఆమె రెండు చేతులూ దోసిలి పట్టి, కళ్ళకద్దుకుని తినేది. ఆ ఇంట్లో ఆ రోజు ఆ ప్రసాదాన్ని అందరికంటే భక్తిగా తిన్నది ఆమే అయ్యుంటుందని ఇప్పుడు అనిపిస్తుంది. ఈ సంగతి మా అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు. మడి గురించి గొప్పగా చెప్పినప్పుడల్లా దీన్ని దాటేసి చెబుతున్నాను.

హారతికి రానన్న శుక్రవారం తర్వాత వచ్చిన ఆదివారమే, గుళ్ళో పిల్లల క్లాసులో శబరి కథ చెప్పారట. కారెక్కగానే అంది: "శబరి కొరికి చూసిన పళ్ళు రాముడు తిన్నాడు. ఎవరూ పారేయలేదు."

ఆ రాత్రి నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. వాల్మీకి రామాయణం తెరిచాను. అరణ్యకాండ 74వ సర్గ. అందులో శబరి పళ్ళు కొరికి చూడదు. పంపా తీరంలో దొరికే అడవి పంటలన్నీ నీ కోసం సేకరించి ఉంచానని మాత్రం అంటుంది. ఎంగిలి ముచ్చట తర్వాతి కాలంలో భక్తులు చెప్పుకుంటూ వచ్చింది. చదివి నాకు ఎంత ఊరటగా అనిపించిందో! పొద్దున్నే చూపించాలి, "చూడు, అసలు కథలో లేనే లేదు" అనాలి అని వాక్యం కూడా కూర్చుకున్నాను. అప్పుడు పక్కగదిలో నిద్రలో అది ఏదో కలవరించింది. తొమ్మిదేళ్ళ పిల్లని ఓడించడానికి అర్ధరాత్రి వాల్మీకిని సాక్ష్యానికి పిలుస్తున్నానా అనిపించి మూసేశాను. ఆ సంగతి దానికి ఇంతవరకూ చెప్పలేదు. పెద్దయ్యాక అదే చదువుకుంటుంది.

శబరి పోయినా కన్నప్ప ఉన్నాడు కదా. శ్రీకాళహస్తిలో కొండమీద ఆయనకి గుడి ఉంది, పెళ్ళైన కొత్తలో మేము ఎక్కి చూసి వచ్చాం. కన్నప్ప అసలు పేరు తిన్నడు. ఆయన వేటమాంసం కొరికి చూసి మంచి ముక్కలు శివుడికి పెట్టాడు, పుక్కిట పట్టి తెచ్చిన నీళ్ళతో అభిషేకం చేశాడు. శివానందలహరి 63వ శ్లోకంలో శంకరులు ఆ పుక్కిలినీళ్ళనే దివ్యాభిషేకమన్నారు, కొరికి మిగిల్చిన మాంసపు ముద్దనే కొత్త నైవేద్యమన్నారు. ఇన్నాళ్ళూ ఆ కథలో నన్ను నేను తిన్నడి పక్కన నిలబెట్టుకుని విన్నాను. అందరం అలాగే వింటాం. ఈసారి మాత్రం పూజారి దగ్గర ఆగిపోయాను. రోజూ పొద్దున్నే వచ్చి, గర్భగుడిలో మాంసం చూసి, కుమిలిపోతూ అంతా కడిగి, మళ్ళీ శుద్ధి చేసి పూజ చేసుకున్న మనిషి. ఆయనదీ భక్తే. శివుడు ఆయన్ని వెళ్ళగొట్టలేదు. కలలో కనపడి, చాటుగా ఉండి చూడమన్నాడు. తిన్నడి భక్తి పూజారికి చూపించాడు. నాకు ఎవరూ కలలో కనపడలేదు. "తీపి తక్కువైంది, ఇంకొంచెం వేద్దామా" అన్న మాట మాత్రం వారం తర్వాత వినపడింది. లక్ష్మీదేవికి చప్పటి పరమాన్నం పెట్టకూడదని అది చూసింది. మంచి ముక్క ఏదో కొరికి చూసినవాడి లెక్కా అదే కదా.

ఇరవై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం పూజ మొదట్లో "అపవిత్రః పవిత్రో వా" అని నీళ్ళు చల్లుకుంటున్నాను. అపవిత్రుడైనా పవిత్రుడైనా, ఏ స్థితిలో ఉన్నవాడైనా, పుండరీకాక్షుణ్ణి తలిస్తే లోపలా బయటా శుచి అవుతాడని. పూజ చివర్లో "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం" అని అక్షతలు వదులుతాను. ఆ వ్రతంనాడు మంత్రం సరిగ్గానే చదివాను, క్రియ కూడా లోటు లేకుండా జరిగింది. లేనిది మూడోది. అప్పటికప్పుడు దాన్ని మాఫీ చేయమని కూడా అడిగేశాను, దేనికి అడుగుతున్నానో తెలియకుండానే.

అయితే భక్తి ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అని తేల్చేద్దామంటే గీత కూడా నన్ను పూర్తిగా ఒడ్డున పడేయలేదు. పత్రం పుష్పం ఫలం తోయం అన్న శ్లోకం, 9వ అధ్యాయంలో 26వది, అందరికీ నోటికి వచ్చిందే. భక్తితో ఇస్తే ఆకైనా నీళ్ళైనా తింటానన్నాడు. కానీ చివరి మాట "ప్రయతాత్మనః". శుద్ధమైన మనసు గలవాడు ఇచ్చింది అని. శుచి అనే మాట పోలేదు, చేతిలోంచి మనసులోకి జరిగింది. గరిటె కడిగినంత తేలిగ్గా మనసు కడగడం నాకు రాదు. అందుకే గరిటె దగ్గరే పట్టుదలగా ఉండిపోయానేమో.

ఇంకో రెండు మూడేళ్ళలో దీనికంటే పెద్ద ప్రశ్న వస్తుంది. అది పెద్దమనిషి అవుతుంది. ఆ రోజుల్లో నేను దేవుడి అర ముట్టుకోను. వ్రతం ఆ రోజుల్లో పడితే తర్వాతి శుక్రవారానికి మార్చుకుంటాను. కానీ అదే రోజుల్లో వంట చేస్తాను, ఆఫీసుకి వెళ్తాను. ఏది ఎందుకో నేనెప్పుడూ అడగలేదు, అమ్మ చేసింది కాబట్టి చేస్తున్నాను. "నేను చేస్తే దేవుడు తినడు కదా" అన్న ఈ మాటే అప్పుడు మళ్ళీ అంటే, అప్పుడు కూడా "అది వేరు" అంటానా? భయంగా ఉంది.

అమ్మకి వీడియో కాల్‌లో జరిగిందంతా చెప్పాను. మడి విషయంలో మా అందరికంటే గట్టి మనిషి, నా పక్షాన మాట్లాడుతుందనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నం సింకులో పారబోశావా?" అంది. ఎంగిలి గురించి ఒక్క మాట లేదు. "పిల్ల ఎంగిలి చేస్తే పిల్లకే పెట్టి, ఇంకో గుప్పెడు బియ్యం పొయ్యి మీద పడేస్తాం కానీ, పారబోస్తాముటే? లక్ష్మీదేవి పూజనాడు?" ఇక నాకు నోట మాట రాలేదు. మంగళగిరి పానకాలస్వామి గుర్తున్నాడా అని అడిగింది. చిన్నప్పుడు ఆ మెట్లన్నీ ఎక్కించి తీసుకెళ్ళేది. స్వామి నోట్లో పానకం పోస్తే సగం తాగి సగం మనకి వదులుతాడు. "ఆయన ఎంగిలి మనం కళ్ళకద్దుకుని తాగుతున్నాం. మన పిల్లల ఎంగిలి ఆయనకి పెట్టకూడదనే నేనూ అంటాను. కానీ పిల్లనే కొట్టిపారేసినట్టు చేయకూడదు కదే" అంది.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు, నాలాంటి తల్లులకి ఒక ఉపాయం చెబుదామనుకున్నాను. వండగానే ముందు ఒక చిన్న గిన్నెలోకి దేవుడి వాటా తీసి పక్కన పెట్టేయండి, మిగతాది పిల్లలు రుచి చూసుకుంటారు, నియమమూ నిలుస్తుంది, పిల్లలూ నొచ్చుకోరు అని. రాసేముందు మా అమ్మాయికే చెప్పి చూశాను. క్షమించమని అడిగి, మళ్ళీ ఒక శుక్రవారం పరమాన్నం చేస్తావా, ఇలా చేద్దామా అన్నాను.

అది ఆలోచించింది. "అప్పుడు తీపి తక్కువైందని తెలిస్తే మన గిన్నెలో వేసుకుంటాం. దేవుడి గిన్నెలోది అలాగే ఉండిపోతుందిగా?"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఒకరోజంతా గడిచాక తనే వచ్చి చెప్పింది: బుధవారం ఒకసారి వండుదాం, అది మనం తిందాం, కొలతలన్నీ రాసుకుంటా, శుక్రవారం అవే కొలతలతో రుచి చూడకుండా చేస్తా.

నిన్న బుధవారం. బడి నుంచి రాగానే స్టూలు వేసుకుంది. నేను పక్కన నిలబడ్డాను, చెయ్యి పెట్టలేదు. తొందరపడి గిన్నె దించకుండానే బెల్లం వేసింది, పాలు విరిగాయి. ముగ్గురం ఆ విరిగిన పరమాన్నమే తిన్నాం. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంది. బియ్యం 1 కప్పు, పాలు 5 కప్పులు, బెల్లం 1 కప్పు అని రాసి, దాన్ని కొట్టేసి ఒకటింబావు అని దిద్దింది. దించి పది నిమిషాలు ఆగి బెల్లం వెయ్యాలి అని దాని కింద. అన్నిటికంటే అడుగున, నాకు చదవడం సులువుగా ఉండాలని కాబోలు, వంకరటింకర తెలుగు అక్షరాల్లో ఇంకొకటి రాసింది: విరిగినా పారెయ్యకూడదు.