జర్మన్ గోళీలు: ఈ నెల ఎస్టేట్ సేల్ సీసాలో తేలినవి

ఒహాయోలో పాత గోళీల సీసా దొరికితే అందులో ఎక్కువ భాగం అమెరికన్ మెషీన్ సరుకే ఉంటుంది. మార్టిన్ క్రిస్టెన్సెన్ గోళీల యంత్రానికి 1905లో పేటెంట్ తీసుకున్నది ఇక్కడి ఏక్రన్‌లోనే కదా! ఈ నెల ఎస్టేట్ సేల్‌లో, అంటే ఒక ఇంటి సామాను మొత్తం అమ్మే చోట, కొన్న సీసా కూడా అంతే. అన్నీ ఏరగా చేత్తో చేసిన జర్మన్‌వి గుప్పెడు మిగిలాయి.

ఏరేటప్పుడు రంగు జోలికి పోను, ముందు పాంటిల్ గుర్తు, అంటే గాజు కడ్డీ నుంచి తుంచిన చోటి మచ్చ, వెతుకుతాను. తురింగియాలోని లౌషాలో రంగు పోగులున్న వేడి గాజు కడ్డీని మెలితిప్పి, ప్రత్యేకమైన కత్తెరతో ఒక్కో గోళీగా తుంచేవారు. అందుకే సాధారణంగా రెండు కొసల్లోనూ తెగిన చోటు కనిపిస్తుంది: గోరుకు గరుకుగా తగలొచ్చు, సాన పట్టి ఉంటే చదునుగా ఉండొచ్చు. చారలు ఈ కొస నుంచి ఆ కొసకు మెలికలుగా సాగాలి. ఇప్పటి కళాకారులు చేసే గోళీలకూ పాంటిల్ ఉంటుంది కాబట్టి 10ఎక్స్ లూపుతో (పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం) పైపొర అరుగుదల కూడా చూడాల్సిందే.

గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల డిష్ సబ్బు, కింద మందపాటి తువ్వాలు. కడగడానికి ఇవి చాలు. మరిగే నీళ్లు మాత్రం వద్దు, పాత గాజు ఒక్కసారిగా వేడెక్కితే పగులుతుంది.

లాటిచీనో స్విర్ల్, అంటే లోపల సన్నని గాజు పోగులు వలలా మెలితిరిగిన గోళీ, ఒకటి మురిపించింది. నడుమ పసుపు వల, క్యాలిపర్‌లో 17.5 మి.మీ., అంటే 11/16 అంగుళం. ఈ రకంలో తెల్ల వలే ఎక్కువగా దొరుకుతుంది, పసుపు దాని తర్వాత; ఎరుపు, నీలం కంటపడితే అదృష్టమే. పైపొర కింద నెలవంకలాంటి చిన్న దెబ్బ ఉంది, టార్చి పక్క నుంచి వేస్తేనే తెలుస్తోంది. గోళీ స్థితికి 10కి 8.3 వేసుకున్నాను. ఆ స్కేలులో 9 లేదా అంతకు మించితేనే మింట్, అంటే కొత్తదానిలా ఉన్నట్టు.

మరొకటి సల్ఫైడ్, అంటే గాజు లోపల చిన్న బొమ్మ పొదిగిన గోళీ; 41 మి.మీ., లోపల తెల్లని గొర్రెబొమ్మ. బొమ్మ ఒక పక్కకు జరిగింది, పైన గీతలు బాగా ఉన్నాయి. పాలిష్ చేయిస్తే బొమ్మ తేటగా కనబడుతుందని స్నేహితుడి సలహా. కనబడుతుంది, నిజమే. కానీ సైజు తగ్గి పాంటిల్ చెరిగిపోతే పాతదని చూపించడానికి ఏం మిగులుతుంది? కొనేవాళ్లూ పాలిష్ పడినదానికి ధర కోస్తారు. గీతలతోనే 6.5 రాసి, విడిగా మెత్తని సంచిలో వేశాను. స్విర్ల్‌ని అమ్మను. సల్ఫైడ్‌ని మంచి ఉల్లిపొర గోళీకి (పైపొర కింద రంగులు పలుచగా పరుచుకున్న రకం) మార్పిడి ఇచ్చేవారుంటే ఆలోచిస్తాను.